ఆటిక్ దాకా రాని ఉచిత సాయం

మన తెలుగు సంఘాల సభల్లో హెల్త్ క్యాంపు ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ లాయరు టేబుల్ ఉంటుంది, టాక్సుల మీద గంటసేపు క్లాసు ఉంటుంది. చలికాలం హీటింగ్ బిల్లు తగ్గడానికి ప్రభుత్వం ఉచితంగా ఏం చేసిపెడుతుందో చెప్పే మనిషి మాత్రం ఉండడు. అమెరికాలో మనవాళ్లందరూ ఐటీ జీతాల మీదే బతుకుతున్నారని మనకు మనమే తీర్మానించేసుకున్నాం. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కొత్త కాలనీలు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో, మోటెల్లో, గ్రోసరీ గోదాములో పనిచేస్తూ అరవై ఏళ్ల నాటి పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఆ కాలనీల్లో తగలరు. లేఆఫ్ అయి ఇంట్లో కూర్చున్న కుటుంబం ఆ సంగతి బయటికి చెప్పుకోదు. భర్త పోయాక ఎస్ఎస్ఐ (ఆదాయం లేని వృద్ధులకూ వికలాంగులకూ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి) చెక్కు మీద నెట్టుకొస్తున్న పెద్దావిడ అసలు సభకే రాదు.

ఇలాంటివాళ్ల ఇళ్ల కోసమే వెదరైజేషన్ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉంది. వెదరైజేషన్ అంటే చలి లోపలికి రాకుండా, వేడి బయటికి పోకుండా ఇంటిని బిగించడం. చమురు సంక్షోభం దెబ్బ తిన్నాక 1976లో కాంగ్రెస్ పెట్టిన పథకం ఇది. డబ్బు కేంద్ర ఇంధన శాఖది, నడిపేది రాష్ట్రం, ఇంటికొచ్చి పని చేసేది ఆ కౌంటీలోని కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీ లాంటి సంస్థ. 2009లో 5 బిలియన్ డాలర్లు, 2021 మౌలిక వసతుల చట్టంలో 3.5 బిలియన్ డాలర్లు అదనంగా వచ్చాయి. ఇంటివాళ్లు పైసా కట్టక్కర్లేదు, తిరిగి తీర్చాల్సిన అప్పూ కాదు.

అర్హత సంగతి. ఇంట్లో ఉంటున్నవాళ్లందరి ఆదాయం కలిపి ఫెడరల్ పేదరిక రేఖకు రెట్టింపు లోపు ఉండాలి. 2025 లెక్కలో నలుగురున్న ఇంటికి అది 64,300 డాలర్లు, ఒక్కరే ఉంటే 31,300. కొన్ని రాష్ట్రాలు దీనికి బదులు రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 60 శాతం అనే కొలత వాడతాయి. ఎస్ఎస్ఐ తీసుకునేవాళ్లకు ఆదాయ పరీక్ష లేకుండానే అర్హత వస్తుంది. అరవై దాటినవాళ్లు, వికలాంగులు, చిన్నపిల్లలున్న ఇళ్లు వరసలో ముందుంటాయి. నిరుద్యోగ భృతి ఆదాయం కిందికే వస్తుంది. బ్యాంకులో దాచుకున్నది తీసి ఖర్చుపెట్టుకుంటే అది రాదు, ఇండియా నుంచి అన్నయ్య ఒకసారి కానుకగా పంపిన డబ్బూ రాదు. క్రమం తప్పకుండా పంపుతుంటే మాత్రం అది ఆదాయమే. అద్దెకుంటున్నవాళ్లు కూడా ఓనరు సంతకంతో పెట్టుకోవచ్చు. వీసా స్థితిని బట్టి అర్హత మారుతుంది కాబట్టి ఆ ముక్క ఏజెన్సీని ముందే అడగాలి. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తున్నవాళ్లయితే లాయరును అడగకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దు.

మనవాళ్ల దరఖాస్తులు ఇరుక్కునే చోట్లు రెండు. ఒకటి పేరు. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంటిపేరు చివర, ఇంటి దస్తావేజులో ముందు, గ్యాస్ బిల్లు మీద పొట్టి పేరు. ముగ్గురూ ఒకరేనని ఆఫీసులో కూర్చున్న మనిషికి తెలిసేదెలా? పాస్‌పోర్టు కాపీ, ఒకే మనిషినని చెప్పే నోటరీ కాగితం దరఖాస్తుతోపాటే జత చేస్తే సరి. రెండోది, అమ్మానాన్నలు ఉండే ఇల్లు కొడుకు పేరు మీద ఉండడం. అప్పుడు కాగితాల ప్రకారం వాళ్లు అద్దెకున్నట్టు, కొడుకు ఓనరు. అతను ఓనరు ఫారం మీద సంతకం పెట్టి పంపాలి. అతను వేరే ఇంట్లో ఉంటుంటే అతని జీతం లెక్కలోకి రాదు. ఇది తెలియక మానేసేవాళ్లే ఎక్కువ.

మంజూరయ్యాక మొదట వచ్చేది ఆడిటర్. ముందు తలుపుకు ఫ్యాన్ బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగుతాడు. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా 50 పాస్కల్స్ దగ్గర నిలిపి, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇంట్లోకి దూరుతోందో కొలుస్తాడు. 8 అడుగుల ఎత్తు, 1,500 చదరపు అడుగులున్న ఇంట్లో ఆ అంకె 3,000 వచ్చిందంటే ఆ ఒత్తిడిలో ఇంటి గాలి మొత్తం గంటకు 15 సార్లు మారిపోతోందన్నమాట. దీన్ని బ్లోయర్ డోర్ పరీక్ష అంటారు. పని మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి చేస్తారు. రెండు అంకెలూ అడిగి రాయించుకోవాలి. పని ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం ఆ రెండు అంకెలే.

అందరూ అడిగేది కొత్త కిటికీలు. అవి దాదాపు రావు. పెట్టిన ప్రతి డాలరుకీ ఆ వస్తువు జీవితకాలంలో కనీసం ఒక డాలరు ఆదా రావాలన్నది నియమం. కిటికీలు ఈ లెక్కలో తేలవు. ఆటిక్ (కప్పు కింది అటక) ఇన్సులేషన్, సందులు మూసే పని, డక్టుల (వేడి గాలి గొట్టాల) అతుకులు తేలతాయి. కంటికి కనిపించేదేమీ మారలేదని కొందరు నిరుత్సాహపడతారు గానీ, బిల్లు తగ్గించేవి ఈ కనిపించని పనులే.

ఆటిక్‌లో ఇన్సులేషన్ పోయకముందే సందులు మూయాలి. గోడల పైచెక్కల అతుకులు, ప్లంబింగ్ గొట్టం పైకి వచ్చే రంధ్రం, సీలింగ్‌లో దించిన లైట్లు, చిమ్నీ చుట్టూ ఖాళీ. చిమ్నీ దగ్గర ఫోమ్ వాడకూడదు, రేకు, వేడిని తట్టుకునే సీలెంట్ వాడాలి. ఇటుక చిమ్నీకీ మండే పదార్థానికీ మధ్య 2 అంగుళాల ఎడం ఉండాలి. పాతకాలపు దించిన లైట్లకు 3 అంగుళాల దూరంలో ఇన్సులేషన్ ఆపాలి, లేకపోతే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం. ఈ పని వదిలేసి పైన ఎంత మందం పోసినా వెచ్చటి గాలి దాని గుండానే పైకి పోతుంది. మంచు పడే రాష్ట్రాల్లో ఆ వేడికి కప్పు మీద మంచు కరిగి, చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, నీళ్లు వెనక్కి తన్ని సీలింగ్‌లో మరకలు తెస్తుంది. బాత్రూం ఫ్యాను గొట్టం ఆటిక్‌లోకే వదిలేసి ఉంటే దాన్ని కప్పు దాటించాలి. చూరు కింద గాలి రంధ్రాలు మూసుకుపోకుండా ప్రతి సందులోనూ బ్యాఫిల్స్ (ఇన్సులేషన్‌ను అడ్డుకుని గాలికి దారి వదిలే పలకలు) పెట్టాలి.

వేడిని ఇన్సులేషన్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఆర్ విలువ. చల్లని రాష్ట్రాల్లో ఆర్-49 దాకా పోస్తారు. సెల్యులోజ్ (కాగితం పీచు) అంగుళానికి సుమారు ఆర్-3.5 ఇస్తుంది కాబట్టి 14 అంగుళాలు కావాలి. ఊదే ఫైబర్‌గ్లాస్ అయితే అంగుళానికి ఆర్-2.5, అంటే దాదాపు 20 అంగుళాలు. ఇక్కడే మోసం జరిగే వీలుంది. మెషీన్‌లో గాలి ఎక్కువ పెడితే తక్కువ సరుకుతోనే మందం కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి అది అణిగిపోతుంది. స్కేలు పెట్టి కొలిస్తే ఇది దొరకదు, ఖాళీ సంచులు లెక్కపెట్టాలి. సంచి మీద ఎన్ని చదరపు అడుగులకు ఎన్ని సంచులో పట్టిక అచ్చువేసి ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల ఆటిక్‌లో 14 అంగుళాల సెల్యులోజ్ అంటే సుమారు 1,800 పౌండ్లు, 25 పౌండ్ల సంచులైతే 70కి అటూ ఇటూ. డ్రైవ్‌వేలో 45 ఖాళీ సంచులే ఉంటే అక్కడే అడగాలి. ఎన్ని సంచులు వేశారో, మందమెంతో, ఆర్ విలువెంతో రాసిన కాగితం ఇవ్వడం ఫెడరల్ నిబంధన.

ఆటిక్‌లోకి ఎక్కే తలుపును మరిచిపోవడం మామూలు. దాని లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగులు మొత్తం ఆర్-49 ఉంటే, బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడాకి గంటకు 20 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి పోతుంది. అందులో 10 చదరపు అడుగుల ప్లైవుడ్ తలుపు ఆర్-1తో వట్టిగా ఉంటే ఆ 20 కాస్తా 30 అవుతుంది. నూటికి ఒక వంతు జాగా వల్ల నష్టం సగానికి సగం పెరిగింది. తలుపు వెనక ఫోమ్ బోర్డు, అంచులకు వెదర్‌స్ట్రిప్, చుట్టూ సరుకు జారిపడకుండా చెక్క అడ్డు. అరపూట పని.

గోడలకు బయటి నుంచి రెండున్నర అంగుళాల రంధ్రాలు వేసి, గొట్టం లోపలికి పంపి సెల్యులోజ్‌ను ఘనపుటడుగుకు 3.5 పౌండ్ల సాంద్రతతో కుక్కుతారు. తక్కువైతే అణిగి పైన ఖాళీ వస్తుంది. కిటికీల కింద భాగం వదిలేయడం సాధారణం. చలి రోజున ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో ఆ ఖాళీ ఇట్టే తెలుస్తుంది.

ఇల్లు బిగుతయ్యాక మన వంటిళ్ల సంగతి ప్రత్యేకంగా చూడాలి. రోజూ కుక్కర్ ఆవిరి, తాలింపు పొగ, వారానికోసారి నూనెలో వేయించుళ్లు. చాలా అపార్ట్‌మెంట్లలో, పాత ఇళ్లలో స్టవ్ మీది హుడ్ పొగను ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఇది సరిపోదు, గొట్టం బయటికి పోవాలి, నిమిషానికి 100 ఘనపుటడుగులైనా లాగాలి. ఇంటి మొత్తానికి ఎంత తాజా గాలి కావాలో ఆడిటర్లు వాడే సూత్రం ఇది: చదరపు అడుగులను 0.03తో గుణించాలి, బెడ్‌రూముల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించాలి, రెండూ కూడాలి. 1,500 చదరపు అడుగుల మూడు బెడ్‌రూముల ఇంటికి నిమిషానికి 75 ఘనపుటడుగులు వస్తుంది. ఆపకుండా తిరిగే చిన్న ఫ్యాను పెడతారు. చలి వస్తోందని దాన్ని కట్టేస్తే కిటికీల అంచున బూజు పడుతుంది. ఇంకొకటి: తాలింపు ఘాటు భరించలేక 900 సీఎఫ్ఎం (నిమిషానికి 900 ఘనపుటడుగులు లాగే) హుడ్ సొంతంగా పెట్టించుకున్న ఇళ్లలో ఆ లాగుడుకి గ్యాస్ వాటర్ హీటర్ పొగ చిమ్నీలోకి పోకుండా వెనక్కి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. అందుకే అన్ని ఫ్యాన్లూ వేసి ఒకేసారి పరీక్షిస్తారు. పరీక్షకొచ్చిన రోజున హుడ్ గురించి దాచొద్దు.

ఇంతా చెప్పాక అసలు అడ్డంకి దగ్గరికి వద్దాం. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయేది ఇక్కడే. ఆడిటర్ వచ్చి చూసి, ఈ ఇంట్లో ఇప్పుడు పని చేయలేం, ముందు ఫలానాది బాగుచేయించుకోండి అని కాగితం ఇచ్చి వెళ్తాడు. దాన్ని డిఫరల్ అంటారు. కప్పు కారుతుంటే ఇన్సులేషన్ తడిసిపోతుంది. బేస్‌మెంట్‌లో నీళ్లు, గోడలకు బూజు ఉంటే ఇల్లు బిగించడం జబ్బుని లోపల బంధించడమే. పింగాణీ గుబ్బల మీద సాగే పాతకాలపు కరెంటు తీగలకు చల్లబడడానికి చుట్టూ గాలి కావాలి, ఇన్సులేషన్‌లో పూడిస్తే వేడెక్కుతాయి. ఆటిక్‌లో తళతళలాడే గులకరాళ్లలాంటి వర్మిక్యులైట్ ఉంటే దాన్ని ముట్టుకోనే కూడదు. 1990 దాకా అమెరికాలో అమ్మిన దాంట్లో ఎక్కువ భాగం మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చింది, అందులో ఆస్బెస్టాస్ కలిసింది. ఇక ఇండియా సూట్‌కేసులు, టీవీ డబ్బాలు ఆటిక్ నిండా పేర్చి ఉంటే పనివాళ్లు వాటిని కదిపే ప్రసక్తే లేదు. అది మాత్రం మన చేతిలో పనే.

విషయం ఎక్కడ తేడా కొడుతోందో చూడండి. ఒక ఇంటికి పథకం సగటున పెట్టగల ఖర్చు ఎనిమిది వేల డాలర్ల పైమాటే. కప్పు మీద ఒక మూల మరమ్మతుకు రెండు మూడు వేలు లేక ఆ ఎనిమిది వేలూ వెనక్కి పోతున్నాయి. ఈ లోటు పూడ్చడానికి కాంగ్రెస్ 2022లో రెడీనెస్ నిధి మొదలుపెట్టింది గానీ, మొదటి ఏడాది దేశమంతటికీ ఇచ్చింది 15 మిలియన్ డాలర్లు. అరవై రెండేళ్లు దాటి గ్రామీణ ప్రాంతంలో సొంతింట్లో ఉంటున్న అతి తక్కువ ఆదాయం వాళ్లకు వ్యవసాయ శాఖ 504 పథకం కింద 10,000 డాలర్ల దాకా గ్రాంటు ఇస్తుంది. కొన్ని రాష్ట్రాలు నడుపుతున్న ఎలక్ట్రిఫికేషన్ రిబేటులో కరెంటు తీగలకు 2,500, ఇన్సులేషన్‌కు 1,600 డాలర్ల దాకా వస్తాయి. దాని ఆదాయ పరిమితి ఇంకా ఎక్కువ కాబట్టి వెదరైజేషన్‌కు కొద్దిలో తప్పినవాళ్లు ఇది చూడాలి. కాలిఫోర్నియాలో ఎనర్జీ సేవింగ్స్ అసిస్టెన్స్, న్యూజెర్సీలో కంఫర్ట్ పార్టనర్స్, న్యూయార్క్‌లో ఎంపవర్ ప్లస్, మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ ఇలాంటి సాయానికే వేరువేరు తలుపులు. ఇవన్నీ ఉన్నా, కారే కప్పుకు అప్పటికప్పుడు రెండు వేలు ఇచ్చేవాళ్లు దొరకరు.

ఆ రెండు వేలు మన సంఘాలు ఇవ్వాలన్నది నా వాదన. ఒక చలికాలం హీటింగ్ బిల్లు కట్టిపెడితే ఆ సాయం మార్చితో అయిపోతుంది. అదే డబ్బుతో డిఫరల్ కాగితంలో రాసిన లోపం సరిచేయిస్తే, దాని వెనక ఎనిమిది వేల పని ఉచితంగా జరిగి ఇరవై ఏళ్లపాటు ప్రతి చలికాలానికీ పనికొస్తుంది. సంఘం కొత్తగా ఎవరినీ విచారించక్కర్లేదు. ఆదాయం చూసింది ఏజెన్సీ, ఇల్లు చూసింది ఆడిటర్. డిఫరల్ కాగితమే దరఖాస్తు. దాని మీద సాధారణంగా గడువు ఉంటుంది కాబట్టి కమిటీ మూడు నెలలకోసారి కాకుండా పదిహేను రోజుల్లో తేల్చాలి. చెక్కు ఇంటివాళ్ల చేతికివ్వకుండా లైసెన్సున్న రూఫర్‌కో ఎలక్ట్రీషియన్‌కో నేరుగా పోవాలి. పని పూర్తయిన ఫోటో ఏజెన్సీకి పంపి ఫైలు మళ్లీ తెరిపించే బాధ్యత ఒక వాలంటీర్ తీసుకోవాలి. ఒకసారి ఈ పథకంలో పని జరిగిన ఇంటికి పదిహేనేళ్ల దాకా మళ్లీ రాదు, ఆ సంగతి కూడా ముందే కనుక్కోవాలి.

ఊరికే వచ్చేదంటే నలుగురిలో చిన్నతనమని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. అందుకని సంఘం పెట్టే ఈ నిధికి ఒక షరతు రాసిపెట్టాలి: తీసుకున్నవాళ్ల పేరు ట్రెజరర్ దాటి బయటికి పోదు, స్టేజీ మీదికి పిలవరు, పెద్ద అట్ట చెక్కుతో ఫోటో ఉండదు, సావనీరులో పేజీ కూడా ఉండదు.