క్రిముల సంగతి పిల్లలకు అర్థం కాదా?

తిరుపతిలో పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: పదేళ్లలోపు పిల్లలకు కంటికి కనపడనివి అర్థం కావు, క్రిములు, వైరస్‌లు అని చెప్పొద్దు, ‘తప్పు చేస్తే జబ్బొస్తుంది’ అని భయపెడితే చాలు, చెబితే జబ్బుపడిన స్నేహితుల దగ్గరికే పోరు, మన పెద్దవాళ్లకు ఎవరు చెప్పారు, వాళ్లు బాగాలేరా? నేను మూడో తరగతి టీచర్‌ని. నాకు ఒక్క ముక్క కూడా మింగుడుపడలేదు.

కనపడనిది అర్థం కాదా? పాలల్లో పడిన ఈగను తీసేసి అవే పాలు మీ నాలుగేళ్ల బిడ్డకు ఇచ్చి చూడండి. ఈగ లేదు, పాలు తెల్లగానే ఉన్నాయి. అయినా తాగదు. మైకేల్ సీగల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో ప్రచురించిన అధ్యయనంలో బడికి రాని వయసు పిల్లలు కూడా జలుబు ఇంకొకరి నుంచి అంటుకుంటుందని ఒప్పుకున్నారు. చెడ్డపని చేసినందుకు వచ్చిందంటే ఒప్పుకోలేదు.

పిల్లలు తికమకపడేది వేరేచోట. క్రిమిని వాళ్లు విషంలా ఊహించుకుంటారు. తగిలింది, జబ్బు చేసింది, అంతే. దానికి ప్రాణముందనీ, ఒంట్లో పెరుగుతుందనీ తట్టదు. “పెద్దమ్మ వాళ్లింటికి పోయొచ్చి రెండు వారాలైంది కదా మిస్, అమ్మోరు ఇప్పుడెందుకు పోసింది?” అని అడిగాడు ఒకడు. ఆటలమ్మ (చికెన్‌పాక్స్) తగిలాక పొక్కులు రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. బోర్డు మీద వైరస్ బొమ్మ గీశాను, ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు తోడు సంగతి ఎత్తాను. రాత్రి గిన్నెడు పాలల్లో మీ అమ్మ ఎంత పెరుగు వేస్తుంది? “చెంచాడు.” పొద్దునకి? “గిన్నెంతా!” మరి చెంచాడు ఉప్పు వేస్తే పొద్దునకి గిన్నెడు ఉప్పవుతుందా? అందరూ నవ్వారు. వెనక బెంచీ పిల్ల లేచి, “అయితే అన్ని రోజులూ వాడి ఒంట్లో తోడుకుంటా ఉండిందా మిస్?” అంది. (పెరుగు చేసేది బాక్టీరియా, ఆటలమ్మది వైరస్. ఆ తేడా పై క్లాసుల్లో చూసుకుంటారు.)

ఇక భయం. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడే అంతకుముందు రెండు రోజులు మార్చి ఎండలో ఫుల్ చేతుల స్వెటర్ వేసుకొచ్చాడు. చెమటకి మెడంతా తడిసిపోయింది. చేతులు పైకి మడిస్తే నీటిపొక్కులు. అమ్మోరు పోస్తే తను తప్పు చేసినట్టే కదా అని దాచుకున్నాడట. ఆ రెండు రోజులూ పక్కవాడితో ఒకే డబ్బాలో తిన్నాడు. భయపెట్టి మనం సాధించిందిదీ.

స్నేహితులు దూరమవుతారన్నది మరీ తలకిందుల మాట. డెంగీ తగ్గి వచ్చిన పిల్ల పక్కన ఎవరూ కూర్చోకపోతే చెప్పాను: అది పక్కన కూర్చుంటే రాదు, పగటిపూట కుట్టే దోమ మోసుకొస్తుంది, ఆ దోమ నిలవున్న నీళ్లలో గుడ్లు పెడుతుంది అని. మధ్యాహ్నానికి ఆ బెంచీ నిండింది. ఇద్దరు బడి వెనక పాత టైరులో నీళ్లు పారబోసి వచ్చారు.

పెద్దవాళ్లు బాగున్నారంటే, బతికినవాళ్లు బాగున్నారు. మా తాత ముఖం నిండా మశూచి గుంటలే. మన దేశంలో ఆ జబ్బు ఆగింది 1975లో, అదీ టీకాతో. వాళ్లకేమీ తెలియదనడమూ తప్పే. గుమ్మానికి వేపమండ కట్టి పరాయివాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. అంటుతుందని తెలియకనేనా?

స్వెటర్ పిల్లవాడు పోయిన గంగమ్మ జాతరలో బైరాగి వేషం కట్టినవాడు. పొక్కులు మాడి బడికి వచ్చిన రోజు, “అమ్మోరూ వచ్చింది మిస్, వైరస్సూ వచ్చింది” అన్నాడు. నేను దిద్దలేదు.