చట్నీ తింటే ఎయిడ్స్ రాదు, దోమ కుట్టినా రాదు

కావలి, ఒంగోలు వైపు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. టిఫిన్ బండి ఆవిడ ఉల్లిపాయలు కోస్తుంటే వేలు తెగి రక్తం చట్నీలో పడిందట. ఆమెకు హెచ్ఐవీ ఉందట. ఆ చట్నీ తిన్న పిల్లాడికి పదిహేను రోజుల్లో ఎయిడ్స్ వచ్చిందట. దోమల వల్ల కూడా అంటుకుంటుంది కాబట్టి ఇలాంటివాళ్లను దూరం పెట్టాలట. కింద "పెద్ద డాక్టర్ గారు చెప్పారు" అని ఉంది. ఏ డాక్టరో, ఏ ఊరో లేదు.

ముందు చట్నీ సంగతి. హెచ్ఐవీ ఒంట్లోంచి బయటపడ్డాక ఎక్కువసేపు నిలవలేదు. తిండితో లోపలికి పోయినా పొట్టలో ఊరే ఆమ్లం దాన్ని బతకనివ్వదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా రాదు.

పదిహేను రోజుల్లో ఎయిడ్స్ అన్నది శుద్ధ అబద్ధం. హెచ్ఐవీ అంటే వైరస్. అది రోగనిరోధక శక్తిని బాగా దెబ్బతీశాక వచ్చే దశ ఎయిడ్స్. మందులు వాడకపోయినా అక్కడిదాకా రావడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది. అసలు పదిహేను రోజులకు చాలామందికి పరీక్షలో కూడా బయటపడదు.

ఇక దోమలు. నెల్లూరు వాళ్లకు దోమల గురించి ఒకరు చెప్పాలా! దోమ కుడితే హెచ్ఐవీ వచ్చేదైతే మన జిల్లాలో ఒక్క ఇల్లు మిగిలేది కాదు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుంది. హెచ్ఐవీ పెరగదు, తాగిన రక్తంతో పాటే అరిగిపోతుంది. పైగా దోమ మనలోకి వదిలేది తన లాలాజలాన్నే, ముందు కుట్టినవాళ్ల రక్తాన్ని కాదు.

మరి ఎలా వస్తుంది? కండోమ్ లేని కలయిక వల్ల, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం వల్ల, పరీక్షించని రక్తం ఎక్కించడం వల్ల, తల్లి నుంచి కడుపులో బిడ్డకు, కాన్పులో, చనుబాలతో. తల్లి సమయానికి మందులు వాడితే బిడ్డకు వచ్చే అవకాశం 5 శాతం లోపే. రోజూ మందులు వేసుకుని, పరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గి, అలాగే నిలబడినవాళ్ల నుంచి కలయిక ద్వారా కూడా రాదు.

"దూరం పెట్టండి" అన్న మాట చదివితేనే కడుపు మండుతుంది. మా వీధి చివర కారందోశలు వేసే ఆవిడ వేలికి ప్లాస్టర్ కనపడిందని నలుగురు గుసగుసలాడారు. పొద్దున పదికల్లా అడుగంటే పిండి గిన్నె సగం అలాగే ఉంది. ఆమెకు హెచ్ఐవీ ఉందో లేదో నాకు తెలియదు, తెలుసుకునే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. ఒకరి ఒప్పుకోలు లేకుండా ఆ సంగతి బయటపెట్టడం, ఉందని వివక్ష చూపడం 2017 నాటి చట్టం ప్రకారం తప్పు.

అనుమానం ఉంటే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రానికి వెళ్లండి. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులూ ఉచితమే. వాడిన సూది గుచ్చుకోవడం లాంటిది జరిగితే మాత్రం ఆగొద్దు: 72 గంటల్లోపు, వీలైనంత తొందరగా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. సందేహాలు అడగడానికి టోల్‌ఫ్రీ నంబరు 1097.