పాత సీడీలు పారేయకండి

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఇంటికి వచ్చాడు. అలమరలో వరుసగా పేర్చిన నా రాక్ సీడీలు చూసి, "మామయ్యా, ఇవన్నీ ఇంకా ఎందుకు? రీమాస్టర్ చేసినవి ఫోనులోనే ఉన్నాయి కదా, ఎంత క్లియర్‌గా ఉంటాయో" అన్నాడు. రీమాస్టర్ అంటే పాత రికార్డింగు శబ్దాన్ని మళ్లీ సరిచేసి కొత్తగా విడుదల చేయడం. వాడి మీద నాకు కోపం లేదు. ఆ "క్లియర్" అన్న మాటకే ఒళ్లు మండింది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

తిరుపతిలో 20 ఏళ్లకు పైగా మైక్‌సెట్ నడిపినవాణ్ని. పెళ్లి మండపంలో నాదస్వరం మొదలైన పది నిమిషాలకే పెళ్లివారిలో ఒకరు వచ్చి "ఇంకాస్త పెంచండి" అంటారు. పెంచగానే "ఆ, ఇప్పుడు బాగుంది" అంటారు. చెవి తత్వమే అది. రెండింటిలో కాస్త పెద్దగా వినబడేదే మేలైనదిగా తోస్తుంది. శబ్దం పెరిగే కొద్దీ కింది స్థాయి గుమ్మనే నాదం, పైన గణగణలాడే తాళాల మోత మరింత నిండుగా అందుతాయి. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. రీమాస్టర్ల వ్యాపారంలో పెద్ద భాగం చెవికున్న ఈ బలహీనత మీదే నడిచిందని నా గట్టి నమ్మకం.

సీడీలో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటి ఎక్కడానికి లేదు. మరి అదే పాటను ఇంకా పెద్దగా వినిపించాలంటే ఏం చేస్తారు? డ్రమ్ము మీద కర్ర పడిన క్షణంలో లేచే శిఖరాన్ని లిమిటర్‌తో, అంటే శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనంతో, అణిచేసి, మిగిలినదంతా పైకి లేపుతారు. 1990ల నుంచి కొత్త పాటల్లో ముదిరిన, ఎవరి పాట ఎక్కువ మోగుతుందన్న ఈ పోటీ పాత ఆల్బమ్‌ల పునర్ముద్రణల్లోకీ పాకింది. 1973లో వచ్చిన స్టూజెస్ అనే రాక్ బృందం వారి 'రా పవర్' ఆల్బమ్‌ను 1997లో ఆ బృందం గాయకుడు ఇగ్గీ పాప్ తానే మళ్లీ మిక్స్ చేశాడు. అంత మోత పెట్టిన రాక్ సీడీలు అరుదు.

మావాణ్ని కూర్చోబెట్టాను. మద్రాసులో ఉద్యోగం చేసిన మా చిన్నాన్న నాకిచ్చిన 1980ల నాటి సీడీ ఒకటి, అదే ఆల్బమ్ రీమాస్టర్ ఒకటి తీసి, రెండింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. తెర మీద శబ్దం గీతలుగా కనిపిస్తుంది కదా, మొదటిది మా మేడ మీద నుంచి కనిపించే శేషాచలం కొండల వరుసలా ఎత్తుపల్లాలతో ఉంది. రెండోది ప్రహరీ గోడ. మొదట ఉన్నదున్నట్టు వినిపిస్తే రీమాస్టరే బాగుందన్నాడు. తర్వాత దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి, రెండూ సమానంగా వినబడేలా చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్ తీసి, "ఇందులో దెబ్బ తగలడం లేదు మామయ్యా" అన్నాడు. అది రీమాస్టర్.

ఆ దెబ్బ కోసమే కదా వాళ్లు అంత కష్టపడింది! 1971లో వచ్చిన లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం నాలుగో ఆల్బమ్ చివరి పాటకు ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల కింద హాల్లో డ్రమ్ములు పెట్టి, పై అంతస్తు నుంచి మైకులు వేలాడదీశారు. గోవిందరాజస్వామి గుడి మండపంలో డోలు మోగినప్పుడు విన్నారా? ముందు దెబ్బ, వెనకే రాతి స్తంభాలను తాకి తిరిగొచ్చే మోత. ఆ రెండింటి మధ్య తేడా ఉన్నంతసేపే మీరు మండపంలో ఉన్నట్టు. మోతను దెబ్బంత ఎత్తుకు లేపేస్తే మండపం మాయమవుతుంది.

రీమాస్టర్లన్నీ చెడ్డవని నేను అనను. జెపెలిన్ ఆల్బమ్‌లను ఆ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ దగ్గరుండి 1990లో ఒకసారి, 2014-15లో మరోసారి సరిచేయించాడు. 2009 బీటిల్స్ రీమాస్టర్లలో మోనో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చే) వాటికి అసలు లిమిటర్ వాడలేదు, కావాలంటే వినండి, హాయిగా ఉంటాయి. తొలినాటి సీడీల్లో కొన్నింటిని అసలు టేపు నుంచి కాకుండా నకళ్ల నుంచి చేశారన్నదీ నిజమే. జిగురు కారే 1970ల టేపులను సన్నని సెగ మీద గంటల తరబడి వేడి చేసి, ఒక్కసారి సవ్యంగా నడిపించి నాదాన్ని కాపాడే ఇంజనీర్లున్నారు. వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను.

నేను సహించలేనిది అసలుదాన్ని చెరిపేయడం. రాక్ గాయకుడు ఆజీ ఆజ్బర్న్ 1980 నాటి ఆల్బమ్ 'బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్'ను 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు బాబ్ డెయిజ్లీ వాయించిన బేస్ గిటార్, లీ కర్స్‌లేక్ వాయించిన డ్రమ్స్ తీసేసి వేరేవాళ్లతో వాయించి అతికించారు. అసలు వాయిద్యాలు తిరిగి రావడానికి 2011 దాకా పట్టింది. ఒక కళాకారుడి చేతి పనిని చెరిపి ఆ చోట ఇంకొకరిది పెట్టడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుంది?

ఇప్పుడు పాటల యాప్‌లలో చాలా ఆల్బమ్‌లకు రీమాస్టర్ ఒక్కటే దొరుకుతోంది. పేరు పక్కన ఒక సంవత్సరం వేస్తారు, అంతే. ఏ టేపు నుంచి చేశారో, ఎవరు చేశారో, ఎంత నొక్కారో ఒక్క ముక్క ఉండదు. పైగా ఈ యాప్‌లు చాలావరకు పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి. అంటే పెంచిన శబ్దాన్ని మళ్లీ తగ్గిస్తున్నారు. కోసేసిన శిఖరాలు మాత్రం తిరిగి రావు. పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టండి, మేమే విని ఎంచుకుంటాం. సంగీత సంస్థలను నేను అడిగేది ఇంతే.

తిరుపతిలో, చుట్టుపక్కల ఎవరింట్లోనైనా 1980ల, 90ల రాక్ సీడీలు అటక మీద పడి ఉంటే దయచేసి పాత సామాన్లవాళ్లకు వేయకండి. గీతలు పడినా పరవాలేదు, ప్లేయర్ నా దగ్గర ఉంది. ఒక ఆదివారం తీసుకురండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని విందాం. మా అక్క కొడుకు, మా చిన్నాన్న నాకిచ్చిన ఆ సీడీని వారం రోజులకని అడిగి పట్టుకెళ్లాడు.