కంటైనర్ ఆగినంత మాత్రాన సిగ్నల్ అందినట్టు కాదు

విశాఖలోని రుషికొండ, మధురవాడ ఐటీ ఆఫీసుల డెవలపర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదే పదే తిరుగుతోంది. కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లే దాన్ని పంపుతున్నారు. కంటైనర్ అంటే ప్రోగ్రాంని దానికి కావాల్సినవాటితో కలిపి వేరుగా నడిపే పెట్టె, దాన్ని నడిపే సాధనం డాకర్. సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంకి, అంటే ప్రాసెస్‌కి, వెళ్లే కబురు; సిగ్‌టర్మ్ 'ఇక ఆగు' అనే కబురు. సందేశంలో ఉన్నది ఇదీ: "కంటైనర్ సిగ్నల్స్ టెస్ట్ చేయడం చాలా తేలిక. డాకర్ స్టాప్ కొట్టండి, ఆగితే సిగ్‌టర్మ్ అందినట్టే. కంట్రోల్-సీకి ఆగే ప్రోగ్రాం స్టాప్‌కీ ఆగుతుంది. ఆలస్యమైతే గడువు పెంచండి. ఇంకా అనుమానముంటే ఇనిట్ ఫ్లాగ్ పెట్టండి, ఆ తర్వాత టెస్ట్ అక్కర్లేదు."

ఈ నాలుగు మాటల్లో ఏదీ నిలవదు. వీటిని నమ్మి రిలీజ్ చేస్తే సగంలో తెగిపోయేది వాడేవాళ్ల పని. అందుకే ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

"ఆగితే సిగ్‌టర్మ్ అందినట్టే"

డాకర్ స్టాప్ ముందు కంటైనర్‌లోని పీఐడీ 1కి, అంటే అందులో 1వ నంబరు ప్రాసెస్‌కి, సిగ్‌టర్మ్ పంపుతుంది. వేరే గడువు చెప్పకపోతే లినక్స్ కంటైనర్లకి 10 సెకన్లు చూస్తుంది. అప్పటికీ ప్రాసెస్ బతికి ఉంటే సిగ్‌కిల్, అంటే బలవంతంగా చంపే సిగ్నల్, పంపుతుంది. సిగ్‌కిల్‌ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. కాబట్టి స్టాప్ కొడితే సిగ్నల్‌ని పట్టించుకున్న కంటైనరూ ఆగుతుంది, పట్టించుకోనిదీ ఆగుతుంది. రెండిటికీ ఒకే ఫలితం ఇచ్చేదాన్ని పరీక్ష అనలేం.

పట్టించుకోకపోవడం ఎందుకు జరుగుతుందో తెలియాలి. మామూలు ప్రాసెస్‌కి సిగ్‌టర్మ్ వస్తే, దానికి హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే కోడ్) లేకపోయినా కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, ఆ ప్రాసెస్‌ని ముగించేస్తుంది. పీఐడీ నేమ్‌స్పేస్‌లో (కంటైనర్‌కి విడిగా ఉండే ప్రాసెస్ నంబర్ల లోకంలో) 1వ నంబరు ప్రాసెస్‌కి మాత్రం ఆ నియమం వర్తించదు. హ్యాండ్లర్ పెట్టుకోని సిగ్నల్ దాని దాకా చేరదు, కెర్నల్ పారేస్తుంది. కంటైనర్ లోపలి నుంచి పంపితే సిగ్‌కిల్ కూడా పనిచేయదు. డాకర్ ఎగ్జెక్‌తో లోపలికి వెళ్లి కిల్ -9 1 కొట్టినా ఏమీ జరగకపోవడానికి కారణం ఇదే. హ్యాండ్లర్ లేకున్నా దాన్ని కదిలించేవి బయట, అంటే హోస్ట్ (కంటైనర్‌ని నడిపే మెషీన్) నేమ్‌స్పేస్ నుంచి వచ్చే సిగ్‌కిల్, సిగ్‌స్టాప్ మాత్రమే. ల్యాప్‌టాప్‌లో నేరుగా నడిపినప్పుడు సిగ్‌టర్మ్‌కి వెంటనే ఆగిన ప్రోగ్రాం కంటైనర్‌లో మొండికేస్తే, ముందు అనుమానించాల్సింది ఈ నియమాన్నే.

కాబట్టి పరీక్షకి స్టాప్ వాడకండి. డాకర్ కిల్‌కి సిగ్నల్ ఆప్షన్‌తో టర్మ్ ఇచ్చి పంపండి, తర్వాత డాకర్ వెయిట్‌ని మీ సొంత గడువుతో, ఉదాహరణకి టైమౌట్ 15తో నడపండి. దీని వెనక సిగ్‌కిల్ రాదు. పట్టించుకోని కంటైనర్ నడుస్తూనే ఉంటుంది, టెస్ట్ ఫెయిల్ అవుతుంది, సందేహానికి తావుండదు. రీస్టార్ట్ పాలసీ (ఆగితే మళ్లీ లేపే సెట్టింగ్) లేకుండా నడపడం మరవకండి.

ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు) కూడా చూడాలి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. 137 అంటే 128 ప్లస్ సిగ్‌కిల్ నంబరు 9, సిగ్‌కిల్‌తో పోయింది. అయితే మెమరీ చాలక కెర్నల్ చంపినా అదే 137 వస్తుంది. డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో (కంటైనర్ వివరాలు చూపే కమాండ్‌లో) ఓఓఎమ్‌కిల్డ్ విలువ చూస్తే తేడా తెలుస్తుంది. 143 అంటే 128 ప్లస్ సిగ్‌టర్మ్ నంబరు 15. జావా షట్‌డౌన్ హుక్స్ (ఆగే ముందు నడిచే కోడ్) అన్నీ నడిపాక కూడా 143తోనే బయటికొస్తుంది, అది తప్పు కాదు. హ్యాండ్లర్ రాయని గో ప్రోగ్రాం పీఐడీ 1గా ఉంటే 2తో పోతుంది: తనని తాను సిగ్నల్‌తో ముగించుకోబోతుంది, కెర్నల్ ఒప్పుకోదు, చివరికి రన్‌టైమ్ ఎగ్జిట్ 2 కొడుతుంది. మీ ప్రోగ్రాంకి ఏ కోడ్ రావాలో ముందే రాసుకుని దానితోనే పోల్చండి.

ఇంకొక సంగతి. స్టాప్ ఎప్పుడూ సిగ్‌టర్మే పంపుతుందని లేదు. ఇమేజ్‌లో (కంటైనర్‌ని లేపే మూసలో) స్టాప్‌సిగ్నల్ రాసి ఉంటే అదే పంపుతుంది. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అధికారిక ఇమేజ్‌లో అది సిగ్‌క్విట్, ఎందుకంటే ఎన్‌జిన్‌ఎక్స్‌కి సిగ్‌టర్మ్ అంటే ఉన్నపళంగా ఆగడం, సిగ్‌క్విట్ అంటే చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించి ఆగడం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సిగ్‌టర్మ్ వస్తే కనెక్షన్లన్నీ వాటంతట అవి తెగేదాకా సర్వర్ కూర్చుంటుంది, సిగ్‌ఇంట్ వస్తే వాటిని తెంచి శుభ్రంగా ఆగుతుంది. ఇన్‌స్పెక్ట్‌లో స్టాప్‌సిగ్నల్ ఏముందో చూసి, ఆ సిగ్నల్‌తోనే పరీక్షించండి.

"కంట్రోల్-సీకి ఆగే ప్రోగ్రాం స్టాప్‌కీ ఆగుతుంది"

కంట్రోల్-సీ పంపేది సిగ్‌ఇంట్, అంటే 2. స్టాప్ మామూలుగా పంపేది సిగ్‌టర్మ్, అంటే 15. పైథాన్ మొదలవుతూనే సిగ్‌ఇంట్‌కి సొంత హ్యాండ్లర్ పెట్టుకుంటుంది, మనం చూసే కీబోర్డ్‌ఇంటరప్ట్ దాన్నుంచే వస్తుంది. సిగ్‌టర్మ్‌కి ఏమీ పెట్టుకోదు. అందుకే పైథాన్ పీఐడీ 1గా ఉంటే కంట్రోల్-సీకి వెంటనే ఆగుతుంది, స్టాప్‌కి 10 సెకన్లూ పట్టి 137తో పోతుంది.

ఇది కళ్లతో చూడొచ్చు. కంటైనర్ లోపల /ప్రాక్/1/స్టేటస్ ఫైల్లో సిగ్‌సీజీటీ అనే వరస ఉంటుంది. ప్రాసెస్ ఏయే సిగ్నల్స్‌కి హ్యాండ్లర్ పెట్టుకుందో అది హెక్స్‌లో (16 అంకెల సంఖ్యా పద్ధతిలో) చెబుతుంది. సిగ్‌టర్మ్ బిట్ విలువ హెక్స్‌లో 4000. అంటే కుడి నుంచి నాలుగో అంకె 4, 5, 6, 7, సి, డి, ఇ, ఎఫ్‌లలో ఒకటైతే హ్యాండ్లర్ ఉన్నట్టు. హ్యాండ్లర్ రాయని పైథాన్‌లో చివరి అంకె 2 ఉంటుంది, నాలుగోది 0 ఉంటుంది. డిస్ట్రోలెస్ (షెల్, మామూలు కమాండ్లు లేని) ఇమేజ్‌లో క్యాట్ కమాండ్ ఉండదు; అప్పుడు ఇన్‌స్పెక్ట్‌లో హోస్ట్ పీఐడీ తీసుకుని హోస్ట్ మీదే అదే ఫైలు చదవండి.

అయితే బిట్ వెలిగితే పని అయినట్టు కాదు. నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే ప్రోగ్రాం) సిగ్‌టర్మ్‌కి లోపల ఒక హ్యాండ్లర్ పెట్టుకుంటుంది, కానీ అది టెర్మినల్‌ని పూర్వస్థితికి తెచ్చి అదే సిగ్నల్‌ని మళ్లీ తనకే పంపుకునే రకం. పీఐడీ 1లో ఆ రెండోది వృథా. జావాస్క్రిప్ట్‌లో ప్రాసెస్ డాట్ ఆన్‌తో సిగ్‌టర్మ్‌కి మీరు రాస్తేనే సర్వర్ మూసుకుంటుంది.

"ఆలస్యమైతే గడువు పెంచండి"

సిగ్నల్ చేరని ప్రాసెస్‌కి 10 సెకన్లు ఇచ్చినా 120 ఇచ్చినా తేడా లేదు. చివర్లో సిగ్‌కిల్ రాక తప్పదు. కంటైనర్ల గుంపుల్ని నడిపే కుబర్నెటీస్‌లో మామూలు గడువు 30 సెకన్లు. 120 చేస్తే ప్రతి పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల మూట) రెండు నిమిషాలు టెర్మినేటింగ్‌లో వేలాడుతుంది. పని నిజంగా జరుగుతూ సమయం చాలనప్పుడే గడువు పెంచాలి. ప్రీస్టాప్ హుక్ (సిగ్నల్‌కి ముందు నడిచే పని) తీసుకునే సమయం కూడా అదే గడువులోంచి పోతుంది, విడిగా రాదు.

"ఇనిట్ ఫ్లాగ్ పెడితే టెస్ట్ అక్కర్లేదు"

ఈ నాలుగింటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే దీని వల్ల వచ్చే తప్పు పైకి ఒప్పులాగే ఉంటుంది.

ఇనిట్ ఫ్లాగ్ పెడితే టినీ అనే చిన్న ప్రోగ్రాం పీఐడీ 1గా కూర్చుంటుంది. జాంబీ ప్రాసెస్‌లని (ముగిసినా జాబితాలో మిగిలిపోయినవాటిని) ఏరేస్తుంది, వచ్చిన సిగ్నల్‌ని తన పిల్ల ప్రాసెస్‌కి అందిస్తుంది. ఆ పిల్ల మీ అప్లికేషనే అయితే మంచిదే. చాలా ఇమేజ్‌లలో అది ఎంట్రీపాయింట్ (కంటైనర్ లేవగానే నడిచే) షెల్ స్క్రిప్ట్ అవుతుంది. స్క్రిప్ట్ మైగ్రేషన్లు (డేటాబేస్ నిర్మాణంలో మార్పులు) నడిపి, చివరి వరసలో అప్లికేషన్‌ని మామూలుగా పిలుస్తుంది. అప్పుడు జరిగేది ఇది: సిగ్‌టర్మ్ టినీకి వస్తుంది, టినీ షెల్‌కిస్తుంది. షెల్ ఇప్పుడు పీఐడీ 1 కాదు కాబట్టి వెంటనే చచ్చిపోతుంది, సిగ్నల్‌ని కింద ఉన్న అప్లికేషన్‌కి అందించదు. పిల్ల పోయింది కదా అని టినీ 143తో బయటికొస్తుంది. పీఐడీ 1 పోగానే ఆ నేమ్‌స్పేస్‌లో మిగిలిన ప్రతి ప్రాసెస్‌నీ కెర్నల్ సిగ్‌కిల్‌తో తుడిచేస్తుంది. అప్లికేషన్‌కి ఒక్క క్షణం కూడా దొరకదు.

బయటికి కనిపించేది? సెకను లోపే ఆగింది, కోడ్ 143. టైమూ కోడూ మాత్రమే చూసే టెస్ట్ దీన్ని పాస్ చేసేస్తుంది. టినీ లేకపోతే కనీసం 10 సెకన్ల ఆలస్యం అనుమానం పుట్టించేది.

దీనికి మందు స్క్రిప్ట్ చివరి వరసలో షెల్ కమాండ్ ఎగ్జెక్ పెట్టి అప్లికేషన్‌ని పిలవడం. షెల్ స్థానంలోకే అప్లికేషన్ వచ్చేస్తుంది. పైపు పెట్టి లాగ్‌ని టీ కమాండ్‌కి పంపే స్క్రిప్టుల్లో ఎగ్జెక్ పెట్టినా లాభం లేదు, పైపు ఉన్నంతసేపూ షెల్ మధ్యలోనే ఉంటుంది. టినీకి -జి ఆప్షన్ ఇస్తే పిల్ల ప్రాసెస్ గ్రూపు మొత్తానికి సిగ్నల్ వెళ్తుంది, కానీ షెల్ ముందే పోతే టినీ మిగతావాటికోసం ఆగదు. షెల్ తప్పనిసరి అయితే అప్లికేషన్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, ట్రాప్‌లో (షెల్‌లో రాసే సిగ్నల్ హ్యాండ్లర్‌లో) దాని పీఐడీకి సిగ్‌టర్మ్ పంపి, వెయిట్‌ని రెండుసార్లు రాయండి. మొదటి వెయిట్ సిగ్నల్ రాగానే తెగిపోతుంది, అప్లికేషన్ ముగిసేదాకా నిలిచేది రెండోది. ఫోర్‌గ్రౌండ్‌లో నడిపితే ఆ కమాండ్ ముగిసేదాకా బ్యాష్ ట్రాప్ జోలికే పోదు.

అయితే ఏం పరీక్షించాలి

అప్లికేషన్ ఏం చేసిందో చూడాలి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజాము వేలం పాటలు నమోదు చేసే సర్వీసు ఒకటి ఉందనుకోండి. బోటు, చేప రకం, బరువు ఒక టేబుల్లోకి. ధర, కొన్నవారి ఖాతా ఇంకో టేబుల్లోకి. రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో లేకపోతే, మధ్యలో సిగ్‌కిల్ పడితే సరుకు అమ్ముడైనట్టు ఉంటుంది, డబ్బు రావాల్సినట్టు ఉండదు.

దీనికి టెస్ట్ ఇలా కట్టండి. ప్రొడక్షన్‌కి వెళ్లే ఇమేజ్‌నే, అదే ఎంట్రీపాయింట్‌తో లేపండి. రెడీ అయ్యాక, కావాలని 4 సెకన్లు పట్టేలా చేసిన నమోదు రిక్వెస్ట్ పంపండి. ఒక సెకను తర్వాత సిగ్నల్ పంపండి. ఇప్పుడు చూడాల్సినవి: ఆ రిక్వెస్ట్‌కి 200 (పని అయిందనే జవాబు) వచ్చిందా, రెండు టేబుళ్లలోనూ వరస ఉందా, సిగ్నల్ తర్వాత తెరవబోయిన కొత్త కనెక్షన్ తిరస్కరణకి గురైందా, చివరికి అనుకున్న కోడ్ వచ్చిందా. పైన చెప్పిన టినీ, షెల్ కలయిక మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతుంది.

కుబర్నెటీస్‌లో కొత్త కనెక్షన్ సంగతి ఇంకాస్త చిక్కు. పాడ్‌కి సిగ్‌టర్మ్ వెళ్లడం, సర్వీస్ రిక్వెస్టులు పంపే జాబితాలోంచి దాని అడ్రస్ తీసేయడం పక్కపక్కనే జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. సిగ్నల్ వచ్చాక కూడా కాసేపు రిక్వెస్టులు వస్తూనే ఉంటాయి. అందుకే ప్రీస్టాప్‌లో 5 సెకన్ల స్లీప్ పెడతారు. కమాండ్‌గా పెడితే ఇమేజ్‌లో స్లీప్ బైనరీ ఉందో లేదో ముందు చూసుకోండి.

చాలామంది వదిలేసే సందర్భం ఇంకొకటుంది: కంటైనర్ లేచీ లేవకముందే వచ్చే సిగ్నల్. హ్యాండ్లర్ నమోదు కాకముందు పీఐడీ 1కి వచ్చిన సిగ్‌టర్మ్‌ని కెర్నల్ పారేస్తుంది, తర్వాత గుర్తుపెట్టుకుని ఇవ్వదు. మైగ్రేషన్లకి 20 సెకన్లు పట్టే సర్వీస్‌ని 5వ సెకనులో ఆపితే ఆ సిగ్నల్ పోయినట్టే, ప్రాసెస్ గడువంతా నడిచి మైగ్రేషన్ మధ్యలోనే సిగ్‌కిల్ తినొచ్చు. హ్యాండ్లర్‌ని ప్రోగ్రాం మొదటి వరసల్లోనే, డేటాబేస్ కనెక్షన్ కంటే ముందు పెట్టండి. స్క్రిప్ట్‌లో మైగ్రేషన్ నడుస్తుంటే దాన్ని విడి జాబ్‌గా బయటికి తీయండి. టెస్ట్‌లో రెడీ సంకేతం కోసం ఆగకుండా, లేపిన ఒక సెకనుకే సిగ్నల్ పంపే కేసు ఒకటి తప్పకుండా చేర్చండి.