గోడమీది డీఫిబ్రిలేటర్‌కు బాధ్యులెవరు?

నలుగురికీ అందుబాటులో ఉండేలా డీఫిబ్రిలేటర్ (హఠాత్తుగా గుండె ఆగి కూలిపోయిన మనిషికి విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) కొనాలని తీర్మానించుకున్న సంఘాలు తమ సమయంలో ఎక్కువ భాగాన్ని చందాల సేకరణకూ, ఏ కంపెనీ యంత్రం మంచిదన్న చర్చకూ, పెట్టెను ఏ గోడకు బిగించాలన్న వాదనకూ వెచ్చిస్తాయి. దాన్ని అత్యవసర సేవల జాబితాలో నమోదు చేయించేదెవరు, నెలనెలా వెళ్లి చూసేదెవరు, కొన్నేళ్ల తర్వాత బ్యాటరీ మార్చడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అనే ప్రశ్నలు మాత్రం సమావేశం చివర్లో, అందరూ కుర్చీల్లోంచి లేస్తున్న వేళకు ప్రస్తావనకు వస్తాయి. ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. బాధ్యత తీసుకునే ఇద్దరి పేర్లు ఖాయం కానంతవరకు యంత్రాన్ని కొనకపోవడమే మేలు.

గుండెపోటు వేరు, గుండె హఠాత్తుగా ఆగిపోవడం వేరు. మొదటిదానిలో గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతుంది, మనిషికి సాధారణంగా స్పృహ ఉంటుంది. రెండోదానిలో గుండె రక్తాన్ని పంపు చేయడం మానేస్తుంది, మనిషి క్షణాల్లో స్పృహ తప్పి కూలిపోతాడు, శ్వాస సరిగా ఉండదు. అలాంటి చాలా సందర్భాల్లో మొదట గుండె కండరం పద్ధతి లేకుండా అదురుతూ ఉంటుంది. ఆ అదురును ఒక విద్యుత్ షాక్‌తో ఆపి, గుండె తన లయను తిరిగి అందుకునే అవకాశం ఇవ్వడమే డీఫిబ్రిలేటర్ చేసే పని. సీపీఆర్ (ఛాతీని పదేపదే గట్టిగా నొక్కడం) గానీ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుందన్నది వైద్యరంగంలో స్థిరపడిన అంచనా. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే వైద్యుడు కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను తయారుచేసి అంబులెన్స్‌లోకి ఎక్కించిందీ, ఆ తర్వాతి తరాల ఇంజినీర్లు దాన్ని చేతిసంచి పరిమాణానికి తగ్గించిందీ ఆ నిమిషాలను ఆదా చేయడానికే. లాస్ వేగస్ కేసినోల్లో భద్రతా సిబ్బందికి ఈ యంత్రాలిచ్చి చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. సాక్షుల కళ్లముందే కూలిపోయి, 3 నిమిషాల్లోపు మొదటి షాక్ అందుకున్నవారిలో 74 శాతం మంది ప్రాణాలతో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లగా, అంతకంటే ఆలస్యమైనవారిలో 49 శాతం మందే వెళ్లగలిగారు. కేసినోలో యంత్రం ఎక్కడుందో ప్రతి గార్డుకూ తెలుసు. బజారులో నడిచిపోయే మనిషికి అది తెలియదు. ఆ లోటును పూడ్చడానికి ఉన్న సాధనమే నమోదు.

అత్యవసర నంబరుకు ఫోన్ వచ్చినప్పుడు కాల్ తీసుకునే ఉద్యోగి తన తెరమీద కనిపించే యంత్రం గురించే చెప్పగలరు. మీ భవనం గోడకు ఎంత ఖరీదైన పెట్టె వేలాడుతున్నా, అది ఆ జాబితాకు ఎక్కకపోతే ఆ ఉద్యోగి లెక్కలో అది లేనట్టే. బ్రిటన్‌లో ఈ జాబితాలను చాలాకాలం ఒక్కో అంబులెన్స్ సేవ విడిగా నిర్వహించుకునేది. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ మరికొన్ని సంస్థలతో కలిసి ‘ది సర్క్యూట్’ పేరుతో దేశమంతటికీ ఒకే జాబితాను రూపొందించి 2021లో ప్రారంభించింది. యజమానులు అందులో ఒకసారి నమోదు చేస్తే వివరాలు అంబులెన్స్ కంట్రోల్ రూములకు చేరతాయి. ప్రతి యంత్రానికీ ‘గార్డియన్’ ఉండాలని, అంటే దాన్ని చూసుకునే వ్యక్తి ఒకరు పేరుతో సహా ఉండాలని కోరడం ఆ విధానంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. సంఘం పేరు రాస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఇది అతిగా అనిపించవచ్చు. అయితే బ్యాటరీ గడువు ముగుస్తోందన్న సందేశం వచ్చినప్పుడు ‘సంఘం’ లేచి వెళ్లి చూడదు, ఎవరో ఒక మనిషే వెళ్లాలి.

నమోదులో రాసే చిరునామా విషయంలో జరిగే అలసత్వాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ‘కమ్యూనిటీ హాలు, మెయిన్ రోడ్డు’ అని రాస్తే కాగితంమీద అది పూర్తి చిరునామాయే. కానీ రాత్రివేళ, ఆ హాలును ఎన్నడూ చూడని మనిషి పరుగెత్తుకొస్తే ముందు గేటు తాళం వేసి ఉంటుంది, పెట్టె వెనకవైపు మెట్ల పక్కన ఉంటుంది, అక్కడ దీపం ఉండకపోవచ్చు. ‘వెనక గేటు గుండా లోపలికి రావాలి, మెట్లకు ఎడమవైపు, ఛాతీ ఎత్తులో ఆకుపచ్చ పెట్టె’ అని రాస్తే ఆ మనిషి వెతుకులాట తప్పుతుంది. మ్యాపులో గుర్తును కూడా భవనం మధ్యలో కాకుండా సరిగ్గా పెట్టె ఉన్న మూలన పెట్టాలి. చురుగ్గా నడిచే మనిషి సెకనుకు మీటరున్నర దాటుతాడనుకుంటే, 300 మీటర్ల దూరానికి వెళ్లడానికి 3 నిమిషాలకు పైగా, తిరిగి రావడానికి మరో 3 నిమిషాలకు పైగా పడుతుంది. పరుగెత్తితే తగ్గుతుంది, నిజమే. కానీ గేటు దగ్గర పోయే ఒక నిమిషం ఆ పరుగు ఫలితాన్ని మింగేస్తుంది.

వేళల సంగతి ఇంకా ముఖ్యం. కోపెన్‌హేగన్‌లో నమోదైన యంత్రాలనూ, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగిపోయిన ఘటనలనూ పోల్చి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సాయంత్రాలు, రాత్రులు, వారాంతాల్లో యంత్రాల అందుబాటు సగానికి పైగా పడిపోయింది. ఘటనల్లో ఎక్కువ భాగం జరిగిందీ ఆ వేళల్లోనే. కార్యాలయం లోపల రిసెప్షన్ వెనక పెట్టిన యంత్రం తలుపు మూయగానే కనుమరుగవుతుంది. దాన్ని బయట గోడకు మార్చడానికి వేడిమి ఏర్పాటున్న పెట్టె, కరెంటు కనెక్షన్ అవసరమైతే ఆ ఖర్చు రెండో యంత్రం కొనడంకంటే ముందు పెట్టాల్సినది. దొంగతనం భయంతో పెట్టెకు కోడ్ తాళం వేయడంపై వాదోపవాదాలు ఎప్పుడూ ఉన్నాయి. ఆ కోడ్‌ను కంట్రోల్ రూము ఫోన్‌లో చెబుతుంది కనుక, నమోదు కాని తాళం పెట్టె అసలు లేని పెట్టెతో సమానం. నమోదైనా సరే, వణికే చేతులతో అంకెలు నొక్కే ఆలస్యానికి ఎప్పుడో జరగవచ్చునన్న దొంగతనం సరిపోయే కారణంగా నాకు కనిపించదు.

ఇక నిర్వహణ. ఈ యంత్రాలు తమను తామే పరీక్షించుకుంటాయి, బాగుంటే ఆకుపచ్చ గుర్తు చూపిస్తాయి, లోపముంటే బీప్‌మంటాయి. దీనివల్ల అంతా యంత్రమే చూసుకుంటుందన్న ధీమా ఏర్పడుతుంది. కానీ ఊరవతలి గోడమీద మోగే బీప్ ఎవరికి వినిపిస్తుంది? స్వీయ పరీక్షకు అందని విషయాలూ ఉన్నాయి. ఛాతీకి అంటించే ప్యాడ్లలోని జెల్ కాలక్రమంలో ఎండిపోతుంది, అప్పుడు ప్యాడ్లు చర్మానికి సరిగా అంటవు. అందుకే కవరుమీద గడువు తేదీ ఉంటుంది, దాన్ని చాలా మోడళ్లలో మనిషే చదవాలి. వాడినా వాడకపోయినా కొన్నేళ్లకోసారి ప్యాడ్లూ బ్యాటరీ మార్చక తప్పదు. ఎండ తగిలే ఇనుప పెట్టెలో రెండూ త్వరగా పాడవుతాయి. కవరు చిరిగిందా, ప్యాడ్ల తీగ యంత్రానికి తగిలించి ఉందా, తడి ఛాతీని తుడవడానికి తువ్వాలు, బట్టలు కత్తిరించే కత్తెర, వెంట్రుకలు తీసే రేజర్ సంచిలో ఉన్నాయా, పెట్టె తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయిందా అన్నవి తెరిచి చూస్తేనే తెలుస్తాయి. నెలకోసారి కొద్ది నిమిషాల పని ఇది. అమెరికాలో 2005 జనవరి నుంచి 2014 సెప్టెంబరు వరకు ఈ యంత్రాల వైఫల్యాలకు సంబంధించి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సుమారు 72,000 నివేదికలు అందాయి. ఆ కాలంలో తయారీదారులు వెనక్కి పిలిచిన యంత్రాలు 20 లక్షలకు పైమాటే. లోపం బయటపడ్డాక యజమానికి కబురు చేరాలంటే కంపెనీ దగ్గరా సీరియల్ నంబరుతో నమోదు ఉండాలి. ఈ రెండో నమోదును దాదాపు ఎవరూ తలచుకోరు. విరాళంగా చేతులు మారిన యంత్రాల విషయంలో మరీను.

సమయానికి తనిఖీ చేసినట్టు గార్డియన్ తెలపని యంత్రాన్ని జాబితాలో ‘అందుబాటులో లేదు’ అని చూపడం న్యాయమేనా అన్న ప్రశ్న కొందరు గార్డియన్లు అడుగుతుంటారు. యంత్రం నిక్షేపంగా ఉండి, తనిఖీ చేశారా అని అడిగే మెయిల్‌కు జవాబివ్వడం మాత్రమే మరిచిపోతే ఒక ప్రాణం ఆ మరుపుకు బలి కావాలా అన్నది వారి వాదన. అందులో బరువుంది. అయినా నేను కఠినమైన పద్ధతివైపే ఉంటాను. కూలిపోయిన మనిషి దగ్గర ఒక్కరే ఉంటే సీపీఆర్ వదిలి వెళ్లమని సాధారణంగా ఎవరూ చెప్పరు. ఇద్దరుంటే ఒకరిని యంత్రం కోసం పంపుతారు. ఛాతీమీద ఒత్తిడి ఇస్తున్నవారు కొద్ది నిమిషాల్లోనే అలసిపోతారు, మారడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషిని చచ్చిన బ్యాటరీ కోసం పంపితే నష్టం రెండింతలు. వాస్తవానికి ఈ సమస్యకు విరుగుడు జాబితా నియమాలను సడలించడంలో లేదు, ఒక యంత్రానికి ఇద్దరు గార్డియన్లను పెట్టడంలో ఉంది. సందేశాలు ఒకరి సొంత మెయిల్‌కు కాక, పదవులు మారినా కొనసాగే ఉమ్మడి చిరునామాకు వచ్చేలా చూసుకోవాలి. కార్యదర్శి ఊరు మారినప్పుడు లెక్కల పుస్తకం అప్పగించినట్టే దీన్నీ రాతపూర్వకంగా అప్పగించాలి.

డబ్బు విషయంలో దాతలు కూడా కొంత తప్పు చేస్తున్నారు. యంత్రం మీద తమ పేరు రాయించుకోవడానికి ముందుకొచ్చేవారు ప్యాడ్ల ఖర్చుకు ముందుకురారు, ఎందుకంటే ప్యాడ్ల కవరుమీద పేరు రాసే ఆచారం లేదు. సేకరించే మొత్తాన్ని పదేళ్లకు లెక్కకట్టి, మార్చాల్సిన బ్యాటరీలు, ప్యాడ్లు, పెట్టె కరెంటు బిల్లు అందులో కలిపి అడగడం నిజాయితీగల పద్ధతి. అలా లెక్కకట్టాక రెండు యంత్రాలకు బదులు ఒక్కటే కొనగలమని తేలితే, ఒక్కటే కొనాలి.

యంత్రం వాడిన మర్నాటి పని చాలా సంఘాల ప్రణాళికల్లో ఉండదు. ప్యాడ్లు ఒక్కసారికే పనికొస్తాయి, కనుక వాడిన వెంటనే జాబితాలో దాన్ని అందుబాటులో లేనట్టు మార్చి, కొత్త ప్యాడ్లు తగిలించి, బ్యాటరీ చూసి, సంచిలో సామాను నింపాకే తిరిగి చేర్చాలి. ఒక జత ప్యాడ్లు ముందే కొనిపెట్టుకుంటే ఈ ఖాళీ గంటల్లో ముగుస్తుంది, లేకపోతే సరుకు వచ్చేదాకా రోజులు పడుతుంది. యంత్రంలో నమోదైన గుండె లయ వివరాలు వైద్యులకు అవసరం కావచ్చు, కాబట్టి వాటిని చెరపకముందే ఆసుపత్రినో అంబులెన్స్ సేవనో అడగాలి. రోడ్డుమీద అపరిచితుడి ఛాతీకి ప్యాడ్లు అంటించిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, రోగి దక్కకపోతే మరీ. వారికి ఫోన్ చేసి మాట్లాడే పనినీ గార్డియన్ బాధ్యతల జాబితాలో రాసిపెట్టుకోవాలి.