మావయ్య ఫోనుకి వచ్చిన పట్టీ ఫార్వర్డు

ఒడిశా–ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా వీధి వీధంతా తిరుగుతున్న ఫార్వర్డు ఇది: "ఛాతీ మీద చిన్న పట్టీ అంటించుకుంటే చాలు. సూది లేకుండా షుగర్, బీపీ, ఈసీజీ చూస్తుంది. బ్యాటరీ ఇరవై ఏళ్లు. ఫోను, నెట్టు లేకపోయినా డాక్టరుకి కబురు వెళ్తుంది. ఎవరూ హ్యాక్ చెయ్యలేరు." మావయ్య గుండె పేషెంటు. అది చదివి "ఇంక బరంపురం చెకప్‌కి వెళ్లక్కర్లేదురా" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

ముందు ఆ నెట్టు సంగతి. ఇలాంటి పట్టీలు ఎక్కువగా బ్లూటూత్ మీదే నడుస్తాయి, అంటే 2.4 గిగాహెర్ట్జ్. ఆ తరంగాలను నీరు మింగేస్తుంది, మన ఒంట్లో ఉన్నదేమో సగానికి పైగా నీరే. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఫోను వెనక జేబులో వేసుకుని చెరువు గట్టు మీద నడిచి చూడండి, పాట తెగుతుంది. ఇంట్లో అంతగా తెగదు, గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఆదుకుంటాయి. ఛాతీ మీద పట్టీ, వెనక జేబులో ఫోను ఉంటే మధ్యలో అడ్డుగోడ మనిషే. అందుకే ఒంటి లోపల పెట్టే పరికరాలకు, నీరు అంతగా మింగని 402–405 మెగాహెర్ట్జ్ విడిగా కేటాయించారు. సరే, ఫోను దాకా చేరిందనుకుందాం. అక్కణ్ణుంచి టవరు కావాలి కదా. మా ఇంట్లో ముందు గదిలో ఒడిశా సిగ్నల్, పెరట్లో ఆంధ్రా సిగ్నల్, మధ్య గదిలో ఏదీ ఉండదు. మావయ్య పడుకునేది ఆ మధ్య గదిలోనే.

ఇరవై ఏళ్ల బ్యాటరీకి చిన్న లెక్క చాలు. పట్టీలో పట్టే నాణెం ఆకారపు బ్యాటరీలో సుమారు 220 మిల్లీఆంప్ అవర్లు ఉంటాయి. రేడియో ఆపకుండా 5 మిల్లీఆంపులు లాగితే 44 గంటల్లో ఖాళీ. అందుకే డిజైన్ చేసేవాళ్లు రేడియోని ఎక్కువసేపు నిద్రపుచ్చుతారు, ఈసీజీని పట్టీలోనే వడపోసి తేడా ఉన్న ముక్కనే పంపిస్తారు. ఆ వడపోతలో నిజమైన తేడా జారిపోతే? అసలు తలనొప్పి అక్కడే. గుండె లయ సరిచేసే పేస్‌మేకర్ పదేళ్లు వస్తుంది కదా అంటారు. దాని బ్యాటరీ వేరు, అది రేడియోలో మాట్లాడేదీ తక్కువే.

సూది లేని షుగర్ మాట పచ్చి అబద్ధం. చర్మం గుచ్చకుండా షుగర్ చూసే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చేతికి అంటించే షుగర్ సెన్సర్లకు కూడా చర్మం కిందికి సన్నని తీగ దిగుతుంది. అది చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. చాలా రకాలు రెండు వారాలకు అటూ ఇటూగా మార్చాల్సిందే.

మే నెల చెమటకి జిగురు ఊడిపోవడం గురించి ఫార్వర్డులో ఒక్క ముక్క లేదు. కిందటేడు మావయ్యకి ఆసుపత్రిలో ఒకరోజు ఈసీజీ పట్టీ పెట్టారు. పక్కకి ఒత్తిగిల్లినప్పుడల్లా గీత పిచ్చిగీతలైపోయింది.

హ్యాక్ అంటారా, అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ గుండె పరికరంలో వైర్‌లెస్‌ను 2007లో డాక్టర్లు ఈ భయంతోనే ఆపేయించారు. పట్టీ పంపే సమాచారానికి గట్టి తాళం వెయ్యొచ్చు. కానీ దానికీ బ్యాటరీ ఖర్చవుతుంది, అదే చిన్న నాణెంలోంచి.

ఇదంతా మావయ్యకి చదివి వినిపించాను. పాత ఈసీజీ కాగితాలు సంచిలో సర్దుకుంటూ, "ఆ ఫార్వర్డు పంపింది పాతపట్నం బావగారే, ఆయనకీ పంపించు" అన్నాడు.