క్లాసు లేని ఆనర్స్

అనంతపురం జిల్లాలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఆనర్స్ సబ్జెక్టుకు, అంటే మామూలు డిగ్రీకి అదనంగా చదివే సబ్జెక్టుకు, సెమిస్టరంతా క్లాసు జరగలేదు. మిడ్ పరీక్షకు ముందు వాట్సాప్ గ్రూపులో కొన్ని ప్రశ్నలు పెట్టారు, పేపర్ అందులోంచే వచ్చింది. జరగని క్లాసులకు హాజరు మాత్రం నిండుగా పడింది! కర్నూలు, కడప నుంచీ ఇలాంటి మాటలే చెవిన పడుతున్నాయి కాబట్టే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది.

2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఏఐసీటీఈ బీటెక్‌ను 160 క్రెడిట్లకు (చదువు మోతాదును లెక్కగట్టే పాయింట్లు) తగ్గించింది. ఓపిక, తెలివి ఉన్నవాళ్లు ఇంకో 20 క్రెడిట్లు చదివితే ఆనర్స్ ఇవ్వొచ్చంది. మంచి ఆలోచనే. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాన్ని చూస్తూ పెరిగిన కుర్రాడు ఎలక్ట్రికల్‌లో చేరి, పవర్ ఎలక్ట్రానిక్స్‌లో నాలుగు పేపర్లు ఎక్కువ చదివితే ఎంత బాగుంటుంది! దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇక్కడ సివిల్ చదివే అమ్మాయికి భూగర్భ జలాల మీద ఆనర్స్ కంటే పనికొచ్చేది ఏముంటుంది? ఇవన్నీ జరగాలంటే ఎవరో ఒకరు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలి కదా.

ఫ్యాకల్టీ దొరకడం లేదని, చివరి రెండేళ్లు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కే సరిపోతున్నాయని, సాయంత్రం కాలేజీ బస్సులు వెళ్లిపోతే ఊళ్ల పిల్లలు ఉండలేరని యాజమాన్యాలు అంటున్నాయి. ఉండొచ్చు. అలాంటప్పుడు ఆనర్స్ పెట్టడం దేనికి? పెట్టి తీరాలని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదే.

మా భయం ఈ 20 క్రెడిట్ల గురించి మాత్రమే కాదు. అటానమస్ కాలేజీల్లో పేపర్ పెట్టేది వాళ్లే, దిద్దేది వాళ్లే, మార్కులేసేది వాళ్లే. డిగ్రీ మీద ముద్ర మాత్రం యూనివర్సిటీది. పాఠం చెప్పకుండానే క్రెడిట్లు ఇవ్వొచ్చని ఒకసారి రుచి మరిగాక ఎక్కడ ఆగుతారు? ఈ ఏడాది ఆనర్స్, వచ్చే ఏడాది ఓపెన్ ఎలక్టివ్‌లు, ఆ తర్వాత ల్యాబులు. అదనపు 20లో చెల్లిన అబద్ధం అసలు 160లో చెల్లదని ఎవరు హామీ ఇస్తారు?

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సే ఈ క్లాసుల కంటే నయమనిపిస్తోంది. అక్కడా అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతాయి, అందరికీ తెలిసిందే. కానీ అసైన్‌మెంట్లకు ఉన్నది 25 మార్కులే. మిగతా 75 కోసం సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి, అందులో 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు. లక్షల ఫీజు తీసుకునే కాలేజీలో ఆ పాటి గడప కూడా లేకపోతే ఎలా?

నిజంగా కష్టపడి చదివిన పిల్లలకు జరిగే అన్యాయం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. లైబ్రరీలో కూర్చుని సొంతంగా పుస్తకం తిరగేసినవాడికీ, వాట్సాప్ ప్రశ్నలు బట్టీ పట్టినవాడికీ చేతికొచ్చేది ఒకటే సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో ఆనర్స్ సబ్జెక్టు మీద రెండు ప్రశ్నలు అడిగితే రెండోవాడు నీళ్లు నములుతాడు. మరుసటి ఏడాది ఆ కంపెనీ ఆ కాలేజీ ఆనర్స్‌ను లెక్కలోకే తీసుకోదు. నష్టపోయేది మొదటివాడు.

అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీ ఇప్పటికైనా కళ్లు తెరవాలి. ఆనర్స్ పేపర్లను బయటివాళ్లతో పెట్టించి, బయటివాళ్లతో దిద్దించాలి. టైమ్‌టేబుల్ పట్టుకుని చెప్పాపెట్టకుండా క్లాసుకు వెళ్లి చూడాలి. ఇన్‌స్పెక్షన్ కమిటీకి బొకేలిచ్చి, భోజనం పెట్టి పంపే తంతు చాలు. ఇక యాజమాన్యాలకు: అడ్మిషన్ల వేళ తల్లిదండ్రుల ముందు ఆనర్స్ అంటూ ఊదరగొడతారే, ముందు క్లాసు చెప్పండి. చెప్పేవాళ్లు లేకపోతే బ్రోచర్‌లోంచి ఆ పేజీ తీసేయండి.